నల్లా నుంచి నాలా దాకా: నగరం పెరుగుతున్న పరీవాహకంలో నీటి లెక్క, పోషకాల లెక్క

ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్ శివారులో మూసీలో కలిసే ఒక వాగు. దాని పరీవాహకం, అంటే వాన నీరు దానిలోకి చేరే ప్రాంతం, సుమారు 100 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు అంతా వరి, జొన్న, కూరగాయలు. ఇప్పుడు సగం పైన లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు. ఏడాదికి ఎంత నీరు వస్తోంది, ఎంత పోతోంది, దాంతోపాటు నత్రజని, భాస్వరం ఎంత కదులుతున్నాయి అన్నది తేల్చాలి. వాన, ప్రవాహం, ఎరువుల అమ్మకాల వివరాలు మీ దగ్గర ఉన్నాయి. కానీ వాగులో కొలిచిన నీరు వానతో పొసగడం లేదు. నత్రజని అయితే పొలాల్లో వేసిన ఎరువుకు కొన్ని రెట్లు వస్తోంది. తప్పు ఎక్కడ జరిగిందని అడిగారు.

మీ కొలతల్లో పెద్ద తప్పు ఉండకపోవచ్చు. జమాఖర్చుల్లోనే రెండు వరుసలు రాయలేదు. ఒకటి నల్లా నీరు, రెండోది తిండి. పల్లె పరీవాహకంలో నీటికి వాన ఒక్కటే జమ, పోషకాలకు ఎరువు ముఖ్యమైన జమ. ఊరు నగరమయ్యాక ఈ రెండూ వెనక్కి వెళ్లిపోతాయి.

నల్లా నీరూ ఒక నదే

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన పడుతుంది. ఒక చదరపు కిలోమీటరు మీద 1 మి.మీ. అంటే 1,000 ఘనపు మీటర్లు. ఈ ఒక్క మార్పిడి గుర్తుంటే మిగతావన్నీ నోటిలెక్కలే. 100 చ.కి.మీ. మీద 800 మి.మీ. అంటే 8 కోట్ల ఘ.మీ. ఇప్పుడు ఆ పరీవాహకంలో 5 లక్షల మంది ఉన్నారనుకుందాం. డ్రైనేజీ ఉన్న నగరాలకు సీపీహెచ్‌ఈఈఓ (నీటి సరఫరా, పారిశుద్ధ్యం చూసే కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ సంస్థ) మాన్యువల్ చెప్పే సరఫరా మనిషికి రోజుకు 135 లీటర్లు. మొత్తం 67.5 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు). ఏడాదికి 2.46 కోట్ల ఘ.మీ. దాన్ని పరీవాహకమంతా పరిస్తే 246 మి.మీ. మబ్బు పట్టకుండానే, 365 రోజులూ, వానలో మూడో వంతుకు దగ్గరగా నీరు పైపుల్లో వచ్చి పడుతోందన్నమాట.

అందులో 80 శాతం మురుగై బయటికొస్తుందన్నది మామూలుగా వేసే అంచనా. అంటే 54 ఎంఎల్‌డీ, సెకనుకు 0.625 ఘ.మీ., పరీవాహకం మీద 197 మి.మీ. నగరం రాకముందు ఆ వాగులో వానలో ఎనిమిదో వంతు పారేదనుకున్నా 100 మి.మీ. అవుతుంది. మురుగొక్కటే దానికి రెండింతలు. మీ వాగు ఏప్రిల్‌లో కూడా పారుతోందంటే కారణం ఊటలు కాదు, వంటిళ్లు, స్నానాల గదులు.

మూసీ మొత్తానికీ ఇదే కథ, పెద్ద ఎత్తున. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ నదిలోకి మంజీరా నుంచి, ఎల్లంపల్లి దగ్గర గోదావరి నుంచి తెచ్చిన నీరు చేరుతోంది. అంటే గోదావరి బేసిన్ నీరు హైదరాబాద్ ఇళ్ల మీదుగా కృష్ణా బేసిన్‌లోకి మళ్లుతోంది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి నగరానికి తెచ్చిన కృష్ణా నీరేమో మూసీ ద్వారా డ్యామ్ కింద మళ్లీ కృష్ణలో కలుస్తోంది. తాగునీటికి మళ్లించిన దాంట్లో 20 శాతమే వినియోగమైనట్టు లెక్కించాలని కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ పెట్టిన నిబంధన వెనక ఉన్నది కూడా ఇదే: మిగతాది ఏదో ఒక రూపంలో నదిలోకి తిరిగొస్తుంది. ఏ రూపంలో వస్తుందన్నది పోషకాల లెక్క చెబుతుంది.

నల్లా నీటి వరుస రాసేటప్పుడు నాలుగు చోట్ల జారిపోతారు.

బోరు నీళ్ల ట్యాంకర్‌ను జమలో వేయడం మొదటిది. బోరు మీ పరీవాహకంలోదే అయితే అది బయటి నుంచి వచ్చిన నీరు కాదు, లోపలి భూగర్భ నిల్వ తరుగు. జమలో వేసి, నిల్వలోనూ చూపిస్తే రెండుసార్లు లెక్కించినట్టు. ట్యాంకర్ ఏ ఫిల్లింగ్ పాయింట్ దగ్గర నింపుతున్నారో కనుక్కోవడం ఒక పూట పని, తప్పకుండా చేయండి.

బిల్లు కాని నీటినంతా లీకేజీ అనుకోవడం రెండోది. అందులో మీటరు లేని కనెక్షన్లు, అక్రమ కనెక్షన్లు ఉంటాయి. ఆ నీళ్లు ఎవరో వాడుకున్నవే, డ్రైనేజీలోకి వస్తాయి. పైపు పగిలి నేలలోకి పోయేదే భూగర్భంలో ఇంకుతుంది. రెండూ కలిపి రాస్తే భూగర్భ జలం ఉత్తుత్తిగా పెరిగిపోతుంది.

మూడోది సరిహద్దు. ఎత్తుల మ్యాపు నుంచి గీసిన పరీవాహకం వాన నీటికి సరిపోతుంది; మురుగుకు సరిపోదు. పంపింగ్ స్టేషన్ ఉన్నచోట మురుగు గట్టు (రెండు పరీవాహకాలను విడదీసే మిట్ట) దాటి పక్క వాగులోకి పోతుంది. వరద కాలువలు కూడా రోడ్ల వెంట గట్లను కోసుకుంటూ పోతాయి. జలమండలి (నగర నీటి బోర్డు) నుంచి ట్రంక్ మెయిన్ల, అంటే పెద్ద మురుగు పైపుల, మ్యాపు తెచ్చుకుని, రెండు సరిహద్దులూ వేర్వేరుగా గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. నా ఉద్దేశంలో మీ లెక్క తేడాలో పెద్ద భాగం ఇక్కడే తేలవచ్చు.

సెప్టిక్ ట్యాంకులు నాలుగోది. డ్రైనేజీ లేని కాలనీల్లో 80 శాతం సూత్రం పనిచేయదు. కొంత నేలలో ఇంకుతుంది, కొంత రోడ్డు పక్క కాలువలోకి పోతుంది, అడుగు బురద మాత్రం ట్యాంకర్‌లో ఎక్కడికో వెళుతుంది. ఆ ‘ఎక్కడికో’ అన్నది మీ వాగే అయితే పోషకాల లెక్కలో అది చిన్న అంకె కాదు.

వాన: పెద్ద వానల కన్నా చిన్న వానలు ఎక్కువ మారాయి

కాంక్రీటు పడ్డాక వరద పెరిగిందని అందరూ అంటారు. నిజమే కానీ, ఏ వానకు ఎంత పెరిగిందన్నది చూడాలి. కర్వ్ నంబర్ పద్ధతిలో చేసి చూద్దాం. కర్వ్ నంబర్ (సీఎన్) ఎంత పెద్దదైతే నేల అంత తక్కువ ఇంకించుకుంటుందని అర్థం; ఎస్ అన్నది నేల పట్టి ఉంచగల నీరు. ఎస్ = 25400 ÷ సీఎన్ − 254; పారే నీరు = (వాన − 0.2 ఎస్)² ÷ (వాన + 0.8 ఎస్), అన్నీ మి.మీ.లలో. పొలానికి సీఎన్ 75, ఇళ్లు కిక్కిరిసిన చోటుకు 90 తీసుకుందాం.

20 మి.మీ. వానకు పొలం మీద పారేది 0.1 మి.మీ., అంటే ఏమీ లేదు, కాలనీలో 4.8 మి.మీ. 50 మి.మీ. వానకు 9.3, 27. 150 మి.మీ. వానకు 81, 121.

అంటే కుంభవృష్టికి తేడా ఒకటిన్నర రెట్లే. 2020 అక్టోబరు 13-14 లాంటి వానకు నేల ఎలాంటిదైనా చాలావరకు పారుతుంది. అక్కడ నగరం చేసిన చెడు నీటి మొత్తంలో కన్నా, అది నాలాలోకి దూసుకొచ్చిన వేగంలో, చెరువు శిఖాల్లో (నీరు నిలిచే నేలలో) అడ్డంగా కట్టిన కట్టడాల్లో ఉంటుంది. చిన్న వానల్లో మాత్రం పరిస్థితి పూర్తిగా తలకిందులైంది. అప్పట్లో వాగు దాకా రాని వాన ఇప్పుడు ప్రతిసారీ వస్తోంది. వస్తూ రోడ్ల మీద దుమ్ము, పేడ, చెత్త, నిర్మాణాల మట్టి తుడుచుకొస్తోంది. భాస్వరం మట్టి రేణువులను అంటిపెట్టుకుని కదిలే పదార్థం కాబట్టి ఈ మొదటి కడుగు చాలా ముఖ్యం. జూన్ తొలకరి వాన మొదటి గంట నమూనా లేకపోతే మీ భాస్వరం లెక్క తక్కువే చూపిస్తుంది.

వాన వివరాలకు వాతావరణ శాఖ పావు డిగ్రీ గడుల సమాచారం మీకు పనికిరాదు. ఒక్కో గడి ఏడు వందల చదరపు కిలోమీటర్లకు పైనే, మీ పరీవాహకమంతా ఒక గడిలో మూలకు సరిపోతుంది. రాష్ట్ర ప్రణాళిక సంస్థ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వాడండి. హైదరాబాద్‌లో ఒక కాలనీలో కుండపోత, పక్క కాలనీలో పొడి అన్నది మామూలే.

ఎగువన ఇంకో సంగతి ఉంది. నీటి లెక్కలో వచ్చే మార్పునంతా కాంక్రీటు మీదే వేయకూడదు. 1908 వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలకు వచ్చే నీరు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది, వాన అంతగా తగ్గకపోయినా. బోర్ల కింద సాగు, చెక్‌డ్యామ్‌లు, తెగిన చెరువుల గొలుసు, వీటన్నిటి పాత్రా అందులో ఉంది. 1996 నాటి 111 జీవో ఆ జలాశయాల చుట్టూ 10 కి.మీ. లోపల నిర్మాణాలను కట్టడి చేసింది కానీ, బోరు వేయడాన్ని ఆపలేదు కదా. అందుకే నగరానికి పైన మూసీ ఎండిపోతే, నగరానికి కింద నిండుగా పారుతుంది. మీ వాగు ఈ రెండింట్లో ఏ కోవకు చెందుతుందో ముందే తేల్చుకోండి.

ఆవిరి, నిల్వ

ఇక్కడ త్వరగా ముగిస్తాను, రెండు హెచ్చరికలు చాలు. మోడిస్ అనే ఉపగ్రహ పరికరం నుంచి వచ్చే ఆవిరి లెక్కల్లో నగరం, చెరువు ఉన్న గడులకు విలువే ఉండదు, ఖాళీ సంకేతం ఉంటుంది. దాన్ని అంకెగా చదివినా, సున్నాగా తీసుకున్నా లెక్క పాడవుతుంది. పైగా ఏ పద్ధతిలో చేసినా ఆవిరిలో 15-20 శాతం అటూఇటూ ఉంటుంది. 550 మి.మీ. ఆవిరిలో 20 శాతం అంటే 110 మి.మీ., సహజంగా వాగులో పారే నీరంత. కాబట్టి ‘వాన తీసేయి ఆవిరి, మిగిలింది ప్రవాహం’ అని ఎప్పుడూ చేయకండి. ప్రవాహాన్ని కొలవాల్సిందే.

భూగర్భ నిల్వలో జరిగే తప్పు ఇంకా చిన్నది, ఇంకా పెద్ద నష్టం చేసేది. బోర్లలో నీటిమట్టం 2 మీటర్లు పడితే 2,000 మి.మీ. నీరు పోయినట్టు కాదు. మన దగ్గర శిథిలమై విచ్చిన గ్రానైట్ పొర. దాని నుంచి జారే నీరు 1 నుంచి 3, 4 శాతమే. 2 శాతం అనుకుంటే 2 మీటర్ల తగ్గుదల 40 మి.మీ. మాత్రమే. లెక్క ఏడాదిని జూన్ 1 నుంచి మే 31 దాకా పెట్టుకోండి. మే చివర చెరువులు, బోర్లు అట్టడుగున ఉంటాయి కాబట్టి నిల్వ తేడా చిన్నదై, దాని తప్పు కూడా చిన్నదవుతుంది.

ప్రవాహం కొలవడం

వాగు కింద చెరువు అలుగు ఉంటే అదే మీ కొలబద్ద. వెడల్పాటి అలుగుకు ప్రవాహం = 1.7 × అలుగు పొడవు × (అలుగు మీద నీటి ఎత్తు) 1.5 ఘాతం. 20 మీటర్ల అలుగు మీద 15 సెం.మీ. నీరుంటే సెకనుకు 1.98 ఘ.మీ. అదే స్కేలు చదవడంలో పొరపాటున 18 సెం.మీ. అనుకుంటే 2.60. మూడు సెంటీమీటర్లకు 31 శాతం తప్పు! అలుగుకు గుర్రపుడెక్క అడ్డంపడి నీరు నిక్కితే సరిగ్గా ఇదే జరుగుతుంది, అలుగు మీద నురగ పైభాగాన్ని నీటిమట్టమని చదివినా ఇదే. అందుకే గేజిని అలుగు పెదవి మీద కాకుండా, దాటే నీటి ఎత్తుకు కనీసం మూడు నాలుగు రెట్లు వెనక పెట్టాలి, ప్రతి కొలతకు ముందు అలుగు శుభ్రం చేయించాలి.

అలుగు లేకపోతే కరెంట్ మీటరుతో (నీటి వేగం కొలిచే పరికరం), పైనుంచి లోతులో 0.6 వంతు దగ్గర వేగం చూడండి. అదీ లేకపోతే నారింజ పండు నీటి మీద వదిలి పది, ఇరవై మీటర్లు పోయే సమయం చూసి, ఆ వేగాన్ని 0.85తో గుణించండి. నారింజ ఎందుకంటే చాలావరకు మునిగి తేలుతుంది, గాలికి కొట్టుకుపోదు.

ఎప్పుడు కొలవాలన్నది ఇంకా ముఖ్యం. ఫిబ్రవరి, మార్చి నెలలు మీకు వరం. వాన లేదు, రోడ్ల కడుగు లేదు. పారేదంతా మురుగు, కాస్త ఊట. అప్పుడు 24 గంటలూ, గంటకోసారి కొలవండి. ఉదయం స్నానాలు, వంటల వేళ ప్రవాహం ఉబుకుతుంది, రాత్రి రెండు, నాలుగు గంటల మధ్య బాగా పడిపోతుంది. కిందికి వెళ్లేకొద్దీ ఆ ఉబుకు గంటల తరబడి ఆలస్యంగా చేరుతుంది. సోమవారం పదకొండు గంటలకు పోయి ఒక సీసా నింపుకొచ్చి, దాన్ని 365తో గుణించడం వల్లే చాలా నివేదికలు తప్పుతాయి. ప్రతి గంట నమూనాను ఆ గంట ప్రవాహానికి తగిన పాళ్లలో కలిపి ఒకే సీసా చేయాలి.

ముందు ఉప్పు, తర్వాత నత్రజని

నత్రజనిని వెంటనే లెక్కకట్టాలని తొందరపడకండి. అది గాలిలోకి పోతుంది, మొక్కల్లోకి పోతుంది, రూపాలు మారుస్తుంది. క్లోరైడ్ ఏ రూపమూ మార్చదు, ఎటూ ఎగిరిపోదు. కాబట్టి ముందు దానితో నీటి లెక్కను పరీక్షించాలి.

మనిషి రోజుకు 10 గ్రాముల ఉప్పు తింటే సుమారు 6 గ్రాముల క్లోరైడ్ డ్రైనేజీలోకి వస్తుంది. 5 లక్షల మందికి రోజుకు 3 టన్నులు. మి.గ్రా./లీ.ను ఎంఎల్‌డీతో గుణిస్తే రోజుకు కిలోలు వస్తాయి కాబట్టి, 3,000 కిలోలు 54 ఎంఎల్‌డీలో కలిస్తే నల్లా నీటిలో ఉన్న క్లోరైడ్‌కు తోడు సుమారు 56 మి.గ్రా./లీ. చేరాలి. జమ, ఖర్చు 10 శాతంలో సరితూగితే మీ నీటి లెక్క నమ్మదగ్గది. ఎక్కువ వస్తే అపార్ట్‌మెంట్లలో బోరు నీటిని మెత్తబరిచే సాఫ్టెనర్‌లు చూడండి. వాటిని కడగడానికి నెలనెలా దింపే ఉప్పు బస్తాలన్నీ చివరికి నాలాలోకే చేరతాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే ఎన్ని బస్తాలో చెబుతాడు. క్లోరైడ్ తక్కువ వస్తే మురుగు గట్టు దాటి వెళ్లిపోతోందని అర్థం. ఆ పరీక్ష నెగ్గకుండా నత్రజని గురించి ఒక్క మాట కూడా రాయవద్దని నా గట్టి సలహా.

తిండి బాట పట్టిన పోషకాలు

సగటు భారతీయుడి మలమూత్రాల్లో ఏడాదికి 2.7 కిలోల నత్రజని, 0.4 కిలోల భాస్వరం పోతాయని తిండిలోని ప్రొటీన్ల ఆధారంగా వేసిన అంచనా చాలాచోట్ల వాడతారు. ఎక్కువ భాగం మూత్రంలోదే. 5 లక్షల మందికి 1,350 టన్నుల నత్రజని, 200 టన్నుల భాస్వరం.

ఆ అంకె ఎంతటిదో పొలం భాషలో చూద్దాం. 10,000 హెక్టార్లకు పంచితే హెక్టారుకు 135 కిలోలు, ఎకరాకు 55 కిలోల నత్రజని. వరికి ఎకరాకు 48 కిలోలు వేయమని సిఫారసు. అంటే మీ పరీవాహకంలో ప్రతి ఎకరానికీ, ఇంటి కప్పుతో సహా, రోడ్డుతో సహా, పూర్తి వరి మోతాదు పడుతున్నట్టు. తేడా ఏమిటంటే పొలంలో కొంతైనా పైరు తీసుకుంటుంది. ఇక్కడ మొత్తం నేరుగా నీళ్లలో పడుతుంది. వాగులో నత్రజని మీరు చూపిన ఎరువుకు కొన్ని రెట్లు ఎందుకుందో ఇప్పుడు తెలుస్తుంది. ఆ యూరియా చల్లింది మీ పొలాల్లో కాదు. బియ్యం, పప్పు, పాలు పండిన దూరపు జిల్లాల్లో. తిండి రూపంలో లారీల్లో వచ్చి మీ వాగులో దిగింది.

54 ఎంఎల్‌డీలో ఇది సుమారు 68 మి.గ్రా./లీ. నత్రజని, 10 మి.గ్రా./లీ. భాస్వరం. డిటర్జెంట్ల భాస్వరం దీనికి అదనం. మీ కొలతలో నత్రజని 40 వస్తే వెంటనే ‘28 గాలిలోకి పోయింది’ అనకండి. ముందు క్లోరైడ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గిందా చూడండి. తగ్గితే అది పలుచబడటమే. వానాకాలంలో నీటిమట్టం పెరిగి పగిలిన డ్రైనేజీ పైపుల్లోకి భూగర్భ జలం చొరబడటం మామూలే.

తబేలాలను (పాడి గేదెల కొట్టాలను) మరవొద్దు. ఒక పాడి గేదె పేడ, మూత్రంలో పోయే నత్రజని పది మంది మనుషులది కంటే ఎక్కువే. గేదెకు బయటి నుంచి తవుడు, చెక్క, దాణా వస్తే అది జమ. మూసీ ఒడ్డున మురుగు నీటితో పెంచే గడ్డి కోసి అదే పరీవాహకంలోని తబేలాకు వేస్తే అది జమ కాదు, లోపలి చక్రం: నాలా నుంచి గడ్డికి, గడ్డి నుంచి గేదెకు, పేడగా మళ్లీ నాలాకు. టన్ను పచ్చిగడ్డి కోస్తే సుమారు 4 కిలోల నత్రజని నీటి నుంచి బయటపడినట్టు. ఆ గడ్డి గట్టు దాటితేనే ఖర్చులో రాయండి.

ఎరువు లెక్కల్లో సంచి మీది అంకెలు నేరుగా వాడకండి. 45 కిలోల యూరియా సంచిలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని ఉంటుంది. 50 కిలోల డీఏపీ సంచిలో 9 కిలోల నత్రజని, 23 కిలోల పీ2ఓ5 (సంచి మీద భాస్వరాన్ని రాసే ఆక్సైడ్ రూపం). ఆ 23ను 0.436తో గుణిస్తే 10 కిలోల భాస్వరం. ల్యాబ్ రిపోర్టులోనూ ఇదే జాగ్రత్త. తాగునీటి హద్దు 45 మి.గ్రా./లీ. నైట్రేట్ అంటే నత్రజనిగా 10.2 మాత్రమే. ఫాస్ఫేట్ అంకెను భాస్వరం చేయాలంటే 3.07తో భాగించాలి. ల్యాబ్ వాళ్లను ‘ఏ రూపంలో రాశారు’ అని రాతపూర్వకంగా అడగండి.

ల్యాబ్‌లో ఏం అడగాలి

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు నైట్రేట్ ఒక్కటే పరీక్షించడం. నాలాలో నల్లటి, ఆక్సిజన్ లేని నీటిలో నైట్రేట్ దాదాపు సున్నా ఉంటుంది. దాన్ని చూసి నీరు బాగుందనుకుంటారు. అక్కడ నత్రజని అంతా అమ్మోనియాగా, సేంద్రియ రూపంలో ఉంటుంది. ఆ రెండింటినీ కలిపి చూపేది టీకేఎన్ (టోటల్ కెల్డాల్ నైట్రోజన్) పరీక్ష. మొత్తం నత్రజని అంటే టీకేఎన్, నైట్రేట్, నైట్రైట్ మూడూ కలిపి. కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) మీద నీరు దూకి గాలి కలిసిన తర్వాతే, కింద నైట్రేట్ పెరుగుతూ కనిపిస్తుంది. అది కొత్త కాలుష్యం కాదు, పాత అమ్మోనియా రూపం మార్చుకోవడం.

మొత్తం భాస్వరానికి నీటిని వడపోయకూడదు, ఆమ్లంతో, పర్‌సల్ఫేట్‌తో జీర్ణం చేయాలి. కరిగిన భాస్వరానికి 0.45 మైక్రాన్ వడపోత, అదీ వాగు గట్టు మీదే. వడపోసిన నీటిలో ఆర్థోఫాస్ఫేట్ (కరిగిన భాస్వరంలో ఒక రూపం) చూసి దానికే ‘మొత్తం భాస్వరం’ అని పేరు పెట్టిన రిపోర్టులు కోకొల్లలు. అమ్మోనియా, టీకేఎన్ సీసాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కన్నా తక్కువ చేసి, మంచులో పెట్టి తీసుకెళ్లండి. ఎండాకాలం బైక్ డిక్కీలో మూడు గంటలు తిరిగిన సీసాలో మీకు దొరికేది వాగు నీరు కాదు.

మురుగు శుద్ధి కేంద్రం ఉంటే అది ఏ రకమో చూడండి. అంబర్‌పేటలోని 339 ఎంఎల్‌డీ కేంద్రం లాంటి యూఏఎస్‌బీ తరహావి (ఆక్సిజన్ లేకుండా సూక్ష్మజీవులతో శుద్ధి చేసేవి) సేంద్రియ కాలుష్యాన్ని తగ్గిస్తాయి కానీ నత్రజనిని పట్టుకోవు. సేంద్రియ రూపంలో ఉన్నది అమ్మోనియాగా మారి అలాగే బయటికొస్తుంది. బీఓడీ (సేంద్రియ కాలుష్యపు కొలత) తగ్గింది కాబట్టి పోషకాలూ తగ్గాయనుకోవద్దు. భాస్వరంలో కొంత బురదలో దిగుతుంది. ఆ బురద ఎక్కడ పోస్తున్నారన్నదే ప్రశ్న: పరీవాహకం లోపలే పోస్తే నిల్వ, బయటికి పోతే ఖర్చు.

కింది పొలాలకు ఏమవుతుంది

మూసీ కింద కత్వల నుంచి కాలువలు వరికి, గడ్డికి నీరిస్తాయి. వరి పంటకు 1,200 మి.మీ. పారిస్తే ఎకరాకు సుమారు 4,800 ఘ.మీ. నీటిలో నత్రజని 20 మి.గ్రా./లీ. ఉన్నా 96 కిలోలు, సిఫారసుకు రెండింతలు, ఒక్క సంచి యూరియా వేయకుండానే. అందుకే పైరు ఏపుగా, ముదురాకుపచ్చగా ఎదిగి, ఈనే సమయానికి పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది. పొలంలో నిలిచిన నీటి అడుగున ఆక్సిజన్ లేని మట్టిలో కొంత నత్రజని వాయువై పోతుంది. మీ లెక్కలో క్లోరైడ్ సరితూగి, నత్రజని మాత్రం తగ్గితే ఆ తేడా ఎక్కువగా ఇక్కడిదే. నీరు కిందికి పోయేకొద్దీ నత్రజని తగ్గినా, ఆవిరి వల్ల ఉప్పు చిక్కబడుతుంది. రెండూ కలిపి చూపించండి, ఒకటి చూపి ‘నది తనను తాను శుభ్రం చేసుకుంది’ అని రాయడం రైతుకు అన్యాయం.

చెరువును ఏం చేయాలి

మీ ప్రశ్న చివర్లో, మురుగంతా మళ్లిస్తే వాగు మధ్యలోని 40 హెక్టార్ల చెరువు బాగుపడుతుందా అని అడిగారు. లెక్క చూద్దాం. డిసెంబరు నుంచి మే దాకా చెరువు మీంచి సుమారు ఒక మీటరు ఆవిరవుతుందనుకుంటే 4 లక్షల ఘ.మీ. 180 రోజులకు రోజుకు 2.2 ఎంఎల్‌డీ. ఫీడర్ కాలువలు లేఅవుట్ల కింద పోయాయి కాబట్టి వాన నీరు మునుపటిలా నిండదు. మొత్తం మళ్లిస్తే మే నాటికి చెరువు బీటలు వారుతుంది, ఆ వెంటనే ప్లాట్ల రాళ్లు లేస్తాయి. మళ్లించకుండా వదిలేస్తే గుర్రపుడెక్క. కాబట్టి 2.2 ఎంఎల్‌డీ దాకా బాగా శుద్ధి చేసిన నీరు చెరువులోకి, మిగతాది చుట్టుకాలువలో కిందికి పంపాలి. పది ఎంఎల్‌డీ శుద్ధి చేశాం కదా అని పదీ చెరువులోకి వదలడం తప్పు.

ఎంత బాగా శుద్ధి చేయాలి? 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పిన హద్దు మొత్తం భాస్వరం 1 మి.గ్రా./లీ. ఆ లెక్కన రోజుకు 2.2 కిలోలు, 180 రోజులకు దాదాపు 400 కిలోలు, చదరపు మీటరుకు ఒక గ్రాము. సరస్సుల శాస్త్రవేత్త వొలెన్‌వైడర్ 1968లో 5 మీటర్ల సగటు లోతు సరస్సులకు ఇచ్చిన ప్రమాద హద్దు చదరపు మీటరుకు ఏడాదికి 0.13 గ్రాములు. అది చలి దేశాల సరస్సులకు కట్టినది, మన నిస్సార చెరువులకు అంకె అదేనని పట్టుబట్టను. కానీ ఏడెనిమిది రెట్ల తేడాను వాతావరణం ఒక్కటీ పూడ్చలేదు. శుద్ధి కేంద్రం తర్వాత, చెరువు ముందు తుంగ, జమ్ము పెంచిన మడి ఒకటి కావాలి, ఆ జమ్మును ఏటా కోసి బయటికి తీసుకెళ్లాలి. కోయకుండా వదిలేస్తే కుళ్లి, పట్టుకున్న భాస్వరమంతా తిరిగి ఇచ్చేస్తుంది.

అడుగు బురద సంగతి కూడా ముందే చూడండి. పై 10 సెం.మీ. బురదే తీసుకుంటే 40,000 ఘ.మీ.; ఘ.మీ.కు 0.8 టన్నుల పొడి బరువు, కిలోకు 1 గ్రాము భాస్వరం ఉంటే 32 టన్నులు. పైన లెక్కవేసిన 400 కిలోల చొప్పున ఎనభై ఏళ్ల సరుకు. అడుగున ఆక్సిజన్ అయిపోయిన ప్రతి ఎండాకాలం అందులో కొంత ఇనుము నుంచి విడిపోయి పైకి వస్తుంది. పూడిక తీయకుండా పైనుంచి మంచి నీరు వదిలితే రెండు, మూడేళ్లు పచ్చదనం తగ్గదు. అప్పుడు శుద్ధి కేంద్రం పనిచేయడం లేదని దాన్ని నిందిస్తారు. తీసే ముందు చెరువులో పది చోట్ల గొట్టం దించి బురద నమూనాలు తీయండి, పైనుంచి 5 సెం.మీ. ముక్కలుగా కోసి భాస్వరం, సీసం, క్రోమియం, క్యాడ్మియం చూపించండి. లోహాలు తక్కువ ఉన్న భాగాన్నే పొలాలకు తోలించండి.